అరువు ఇంటిపేరు



మన ఊళ్లలో కొత్త మనిషి బస్సు దిగితే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఎవరింటి పిల్లాడివి బాబూ?" అని అడుగుతాడు. సొంత పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఇంటిపేరు కావాలి. అది తెలిస్తే తాతల దగ్గర్నుంచి లెక్క కట్టుకుంటూ వచ్చి, "మీ తాతా మా నాన్నా ఒకే పంక్తిలో భోంచేసినవాళ్లురా" అని తేలుస్తాడు. ఈ రోజు నేను చెప్పబోయేది ఇంటిపేరు పదే పదే మారిన ఒక కుటుంబం కథ. ఆ కుటుంబం సొంత పేరుతో ఇంట్లో చెప్పుకోలేని మాటలు చెప్పుకోవడానికి, ఇంకో ఇంటిపేరు అరువు తెచ్చుకుని ఒక సినిమా తీసింది.

ఆ సినిమా పేరు 'ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ'. 2003 ఏప్రిల్ 25న అమెరికాలో విడుదలైంది. ఆ పేరును మన మాటలో చెప్పాలంటే "అది ఆ వంశంలోనే ఉంది" అనాలి. దర్శకుడు ఫ్రెడ్ షెపిసి, ఆస్ట్రేలియావాడు. నిర్మాత మైకేల్ డగ్లస్. కథలో తండ్రి మిచెల్ గ్రోంబర్గ్‌గా నటించింది మైకేల్ కన్నతండ్రి కర్క్ డగ్లస్. కొడుకు అలెక్స్‌గా మైకేల్. అలెక్స్ పెద్దకొడుకు ఆషర్‌గా మైకేల్ కన్నకొడుకు కామెరాన్. ఇక తల్లి ఎవెలిన్‌గా నటించింది మైకేల్ కన్నతల్లి డయానా. సినిమా వచ్చేనాటికి కర్క్‌కి 86 ఏళ్లు, డయానాకి 80, మైకేల్‌కి 58, కామెరాన్‌కి 24. ఇంకో విషయం కూడా చెప్పాలి. తెర మీద భార్యాభర్తలుగా కనిపించే ఆ కర్క్, డయానా 1951లోనే విడాకులు తీసుకున్నారు.

కథ న్యూయార్క్‌లో జరుగుతుంది. గ్రోంబర్గ్‌లు కలిగిన యూదు కుటుంబం. పెద్దాయన పేరుమోసిన లాయరు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నాడు. కొడుకు తండ్రి పెట్టిన సంస్థలోనే లాయరు. తండ్రి నీడలోంచి బయటపడలేడు, అందులో ఇమడనూ లేడు. మనవడు ఆషర్‌కి చదువు మీద మనసు లేదు. డీజేగా పాటలు వేస్తాడు, చాటుగా గంజాయి మొక్కలు పెంచుతాడు. చిన్న మనవడు ఈలై నోరు విప్పడు. ఆ పిల్లవాడిగా రోరీ కల్కిన్ నటించాడు. యూదుల పస్కా పండగకు అందరూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. పండగ పూట ఇంటి నిండా జనం ఉన్నా ఒకరి మనసు ఒకరికి అందని ఇళ్లు మనకు మాత్రం తెలియనివా? నవ్వు పుట్టేదీ అక్కడే, గుండె పట్టేసేదీ అక్కడే.

ఈ తెర వెనక ఉన్న అసలు ఇంటిని చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆంస్టర్‌డామ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1916 డిసెంబరు 9న, రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన పేద యూదు దంపతులకు ఒక మగపిల్లవాడు పుట్టాడు. ఆరుగురు ఆడపిల్లలున్న ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు. పేరు ఇసుర్ డానియలోవిచ్. తర్వాత ఆ ఇంటిపేరు డెమ్‌స్కీ అయింది, పిల్లవాడు ఇజ్జీ డెమ్‌స్కీ అయ్యాడు. తండ్రి గుర్రబ్బండి వేసుకుని పాత గుడ్డలు, ఇనుప ముక్కలు కొనుక్కుని అమ్ముకునేవాడు. ఆ ఊరి పేదల్లోకెల్లా పేద పని అది. కర్క్ తన ఆత్మకథకు పెట్టుకున్న పేరే 'ద ర్యాగ్‌మ్యాన్స్ సన్'. అంటే గుడ్డపీలికలవాడి కొడుకు.

ఆ పుస్తకంలో ఆయన రాసుకున్న ఒక సంగతి నన్ను వదలదు. చిన్నప్పుడు బడిలో వేసిన ఒక నాటికలో ఇజ్జీ వేషం కట్టాడు. తాగుడు మనిషి, ఇంట్లో ఎవరితోనూ ముద్దుగా మాట్లాడని మనిషి, ఆ తండ్రి వచ్చి వెనక వరసలో నిలబడి చూశాడు. అయిపోయాక బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పిల్లవాణ్ణి తీసుకెళ్లి ఒక ఐస్‌క్రీం కొనిపెట్టాడు. అంతే. తండ్రి నుంచి ఒక్క మెచ్చుకోలు మాట కోసం ఆ కొడుకు జీవితమంతా ఎదురు చూశాడు. దొరికింది ఆ ఐస్‌క్రీమే.

ఇప్పుడు వరస చూడండి. ఇజ్జీ పెద్దయ్యాడు, కర్క్ డగ్లస్ అయ్యాడు, హాలీవుడ్‌లో మకుటంలేని మహారాజు అయ్యాడు. 'చాంపియన్', 'లస్ట్ ఫర్ లైఫ్', 'స్పార్టకస్' లాంటి సినిమాలు చేశాడు. ఆయనకో కొడుకు పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయినప్పుడు మైకేల్‌కి ఆరేళ్లు. తల్లి దగ్గర, సవతి తండ్రి ఇంట్లో పెరిగాడు. సెలవులకు మాత్రం తండ్రి షూటింగుల దగ్గరికి వెళ్లేవాడు. కాలేజీలో షేక్‌స్పియర్ నాటకంలో వేషం వేస్తే తండ్రి వచ్చి చూశాడు. చూసి, "ఘోరంగా ఉంది" అన్నాడు. ఈ ముచ్చట తండ్రీ కొడుకులిద్దరూ తర్వాత చాలాసార్లు నవ్వుతూ చెప్పుకున్నారు. కానీ ఆ నాడు ఇరవై ఏళ్ల కుర్రాడికి అది నవ్వుగా ఉండి ఉండదు. తాత మాట్లాడలేదు. తండ్రి మాట్లాడాడు గానీ, మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

మన ఇళ్లలో తండ్రీ కొడుకుల మధ్య పొలం తగాదా వచ్చినట్టు, ఈ ఇంట్లో ఒక కథ తగాదా వచ్చింది. కెన్ కేసీ రాసిన 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్' నవల హక్కులు కర్క్ కొనుక్కున్నాడు. 1963లో దాన్ని బ్రాడ్‌వే నాటకరంగం మీద తానే ఆడాడు. సినిమాగా తీయాలని ఏళ్ల తరబడి స్టూడియోల చుట్టూ తిరిగాడు, ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కొడుకు "నేను తీస్తాను నాన్నా" అంటే ఆ హక్కులు చేతిలో పెట్టాడు. కొడుకు తీశాడు. కానీ నాయకుడి వేషం తండ్రికి రాలేదు. అప్పటికి వయసు మించిందన్నారు. ఆ వేషం జాక్ నికల్సన్ వేశాడు. 1975లో సినిమా విడుదలైంది, మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంతో సహా అయిదు ప్రధాన ఆస్కార్లు తెచ్చుకుంది. ఉత్తమ నటుడిగా మూడుసార్లు ఆస్కార్‌కి పోటీపడి ఒక్కసారీ గెలవని తండ్రి, తాను కలగన్న వేషంలో ఇంకొకడు గెలవడం చూశాడు. బహుమతి అందుకున్న నిర్మాత తన కొడుకే. గర్వపడాలా, బాధపడాలా? ఆయన రెండూ పడ్డాడు. ఆ బాధను ఆయన దాచుకోనూ లేదు.

1996 జనవరిలో కర్క్‌కి పక్షవాతం వచ్చింది. మనిషి బతికాడు, బుద్ధి చెక్కుచెదరలేదు, కానీ మాట పడిపోయింది. నటుడికి మాట పోతే ఇంకేం మిగులుతుంది? ఒక దశలో తుపాకి తీసి నోట్లో పెట్టుకున్నానని ఆయనే రాశాడు. గొట్టం పంటికి తగిలి నొప్పెట్టింది. చచ్చిపోదామనుకున్నవాడికి పంటినొప్పి లెక్కేమిటని తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయన్ని వెనక్కి లాగింది. పక్షవాతం తనకేం నేర్పిందో ఒక పుస్తకం మొత్తం రాశాడు. పక్షవాతం వచ్చిన ఆ ఏడాది మార్చిలోనే ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. సభలో కూర్చున్న నలుగురు కొడుకుల ముందు, నాలుక తిరగకపోయినా, నిలబడి కృతజ్ఞతలు చెప్పాడు. చిన్నపిల్లవాడు అక్షరాలు దిద్దినట్టు, మాటలు నేర్పే నిపుణురాలి దగ్గర కూర్చుని ఒక్కొక్క అక్షరం మళ్లీ నేర్చుకున్నాడు.

'ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ'లో మనం వినేది ఆ గొంతునే. అందుకే దీని గురించి రేడియోలో మాట్లాడాలనిపించింది నాకు. సినిమాలో మిచెల్ గ్రోంబర్గ్‌కి పక్షవాతం రాసింది రచయిత కాదు, విధి రాసింది. ఆ ముద్దమాట అభినయం కాదు. ఒక మాట మొదలవుతుంది, మధ్యలో బరువెక్కుతుంది, చివర తెగిపోతుంది. ఎదురుగా ఉన్న మైకేల్ దాన్ని వింటున్న తీరు చూడండి. ఏ నటుడైనా ఎదుటివాడి సంభాషణ వింటున్నట్టు నటించగలడు. ముద్దగా వచ్చే మాటలోంచి అర్థాన్ని ఏరుకునే అలవాటు మాత్రం ఏళ్ల తరబడి ఆ మంచం పక్కన కూర్చుంటేనే వస్తుంది.

దీన్ని నేను మా ఇంట్లో చూశాను. మా పెదనాన్నకి మంచి గొంతు. ఊళ్లో నాటకాలకు పద్యం ఎత్తుకుంటే చెరువు అవతలికి వినపడేది. పక్షవాతం వచ్చాక నోరు ఒక పక్కకి పోయి, ఏమన్నా "ఆ... బా..." అన్నట్టే ఉండేది. మా పెద్దన్నయ్యకీ ఆయనకీ అప్పటికి చాలా ఏళ్లుగా సరైన మాటల్లేవు. అన్నయ్య ఉద్యోగానికి దూరదేశం పోయి, పండక్కి కూడా వచ్చేవాడు కాదు. కబురు తెలిసి వచ్చాడు. ఆ సాయంత్రం పెదనాన్న మంచం మీంచి ఏదో అడగడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ నీళ్లు తెచ్చింది. కాదన్నట్టు చెయ్యి విదిలించాడు. నేను మాత్ర తెచ్చాను, అదీ కాదు. దుప్పటి కాదు, ఫ్యాను కాదు. గడప దగ్గర నిలబడ్డ అన్నయ్య అన్నాడు: "గొడ్లకి మేత వేశారా అంటున్నాడు." గొడ్లు అమ్మేసి అప్పటికే రెండేళ్లయింది. ఆ సంగతి అన్నయ్యకి తెలుసో లేదో నేను అడగలేదు. లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "వేశాను నాన్నా" అన్నాడు. పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి సరిగ్గా ఆ వేళకి, దీపాలు పెట్టే ముందు, ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినపడేది. రోజూ దగ్గరుండి సేవ చేస్తున్న మాకు అది అందలేదు. అలిగి వెళ్లినవాడికి అందింది.

అందుకే ఈ సినిమాలోని లోపాలన్నీ తెలిసినా దీన్ని నేను తీసిపారెయ్యలేను. లోపాలున్నాయి. అలెక్స్ సేవ చేసే ఉచిత భోజనశాలలో ఒక స్త్రీతో అతనికి చనువు పెరిగే ఘట్టం కథకి అతకలేదు. ఆ పాత్ర వేసిన సరితా చౌదరి మీరా నాయర్ 'మిసిసిపీ మసాలా'లో కథానాయిక. అంత మంచి నటికి ఇక్కడ సరైన పని దొరకలేదు. ఒకటి తర్వాత ఒకటి మరణాలు వస్తాయి, ఒకదాని దుఃఖం ఆరకముందే రెండోది. సినిమాకి డబ్బులూ పెద్దగా రాలేదు.

అయితే ఆ మరణాల్లోనే ఒక ఘట్టం ఉంది. మిచెల్ సోదరుడు, మతి తప్పిన ముసలాయన, చనిపోతాడు. తండ్రీ కొడుకులిద్దరూ అతని దేహాన్ని పడవలో పెట్టి, నిప్పంటించి, చెరువులోకి తోసేస్తారు. పాతకాలం వైకింగ్ యోధులకు చేసే అంత్యక్రియ అది. ఇద్దరు లాయర్లు చట్టానికి విరుద్ధంగా, దొంగల్లా చేసే ఆ పనిని చూస్తే నవ్వూ వస్తుంది, గుండే బరువెక్కుతుంది. 1958లో వచ్చిన 'ద వైకింగ్స్' సినిమాని నిర్మించి, అందులో ఐనార్ అనే యోధుడి వేషం వేసింది కర్కే. ఆ సినిమా చివర్లో ఐనార్ శవం ఉన్న ఓడ మీద మంటల బాణాలు పడతాయి. నలభై అయిదేళ్ల తర్వాత అదే మనిషి, వంగిన నడుముతో, ఒడ్డున నిలబడి మండుతున్న పడవని చూస్తున్నాడు. పక్కన కొడుకున్నాడు. తన చివరి రోజున ఎవరు పక్కనుండాలో ఆ తండ్రి కొడుక్కి మాటల్లేకుండా చెప్పినట్టనిపించింది నాకు.

డయానా గురించి చెప్పకుండా ముందుకు పోలేను. బెర్ముడాలో పుట్టిన పిల్ల, నటనాశాలలో కర్క్‌కి సహాధ్యాయిని. 1943లో 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా ఆమె బొమ్మ వచ్చింది. నౌకాదళంలో ఉన్న కర్క్ ఆ పత్రిక చూసి, ఈ అమ్మాయిని నేను పెళ్లి చేసుకుంటానని తోటివాళ్లతో అన్నాడు. ఆ ఏడే చేసుకున్నాడు. ఎనిమిదేళ్లకు విడిపోయారు. కానీ వాళ్లు ఒకరి మీద ఒకరు పిల్లలకు విషం నూరిపోయలేదు. కర్క్ రెండో భార్య ఆన్‌తో డయానాకి స్నేహం కుదిరింది, అది చివరిదాకా నిలిచింది. విడాకులైన యాభై రెండేళ్లకు, 80 ఏళ్ల వయసులో, పాత భర్తకు తెర మీద భార్యగా కూర్చోవడానికి ఆ స్నేహమే దారి వేసింది. కథలో ఎవెలిన్ ముందు కన్నుమూస్తుంది, మిచెల్ ఒంటరిగా మిగులుతాడు. నిజ జీవితంలోనూ డయానాయే ముందు వెళ్లింది, 2015లో.

మన సినిమాల్లోనూ ఇలా తరాలన్నీ కలిసి నిలబడ్డ సందర్భాలున్నాయి. హిందీలో 1971లో వచ్చిన 'కల్ ఆజ్ ఔర్ కల్'లో పృథ్వీరాజ్ కపూర్, రాజ్ కపూర్, రణధీర్ కపూర్ తాతా తండ్రీ మనవళ్లుగానే కనిపిస్తారు. తాతకీ మనవడికీ మధ్య నలిగిపోయే తండ్రి కథ అది. ఆ మరుసటి ఏడాదే పృథ్వీరాజ్ పోయారు. ఇక మనందరి మనసుల్లో ఉన్నది 'మనం'. అక్కినేని నాగేశ్వరరావుగారు క్యాన్సర్ అని తెలిసిన తర్వాత కూడా ఆ సినిమా పూర్తి చేశారు. ఆరోగ్యం దిగజారుతున్న రోజుల్లోనే తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న ఆయన వెళ్లిపోయారు, మే నెలలో సినిమా వచ్చింది. హాల్లో ఆ గొంతు వినపడగానే నా పక్కసీటులో పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకోవడం నాకింకా గుర్తు. 'మనం' మాత్రం పునర్జన్మల కథ. ఈ జన్మలో తెగినది ఇంకో జన్మలో అతుకుతుంది. డగ్లస్‌ల కథకి ఆ వెసులుబాటు లేదు. తెగినది ఈ జన్మలోనే, ఈ మనుషుల మధ్యే అతుక్కోవాలి.

అది సినిమాతో అతుక్కుపోయిందని నేను చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది. సినిమా విడుదలైన మరుసటి ఏడాది, 2004లో, కర్క్ చిన్నకొడుకు ఎరిక్ మత్తుమందుల మూలంగా చనిపోయాడు. ఆషర్ వేషం వేసిన కామెరాన్ నిజంగానే డీజే. తెర మీద ఆషర్‌కి గంజాయితో వచ్చిన ఆపద, కామెరాన్‌కి అంతకంటే భయంకరంగా వచ్చింది. 2009లో మత్తుమందుల కేసులో అరెస్టయ్యాడు, 2010లో శిక్ష పడింది. జైల్లోనూ ఆ అలవాటు వదల్లేక శిక్ష పెంచుకున్నాడు. దాదాపు ఏడేళ్లు లోపలే గడిపాడు. ఆ సినిమాని ఇప్పుడు చూస్తే ఆషర్ కనిపించిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. ఇల్లంతా కలిసి ఆ సంగతినే కథగా చెప్పుకున్నారు, ముగింపు సర్దుకున్నారు, కెమెరా కట్టేశారు. అసలుది ఇంకా ముందుంది.

శిక్ష ఖరారయ్యే ముందు మైకేల్ న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. పేరుమోసిన తండ్రికి కొడుకుగా పుట్టి, సొంత ముఖం వెతుక్కోవడం ఎంత కష్టమో తనకు తెలుసని అందులో చెప్పాడు. ఆ ఏడాదే అతనికి నోటి క్యాన్సర్ బయటపడింది. ఇంకోసారి, ఆ ఇంట్లో ఇంకో గొంతు మీద దెబ్బ. కోలుకుని, 2013లో ఎమ్మీ అవార్డు అందుకున్న రోజున, కొడుకుని చూడటానికి తనను రానివ్వడం లేదని బాధ బయటపెట్టుకున్నాడు. కాలేజీ నాటకం చూసి "ఘోరంగా ఉంది" అన్న తండ్రికి పుట్టినవాడు, తన పెద్ద పండగ రోజున లోకం ముందు నిలబడి జైల్లో ఉన్న కొడుకు ఊసెత్తాడు.

కామెరాన్ 2016లో బయటికొచ్చాడు. 2019లో తన కథ తానే పుస్తకంగా రాశాడు. మునిమనవరాలిని చూసుకునేదాకా కర్క్ బతికే ఉన్నాడు. 2020 ఫిబ్రవరి 5న, 103 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

పేర్ల దగ్గర మొదలుపెట్టాను కదా, అక్కడికే వస్తాను. డానియలోవిచ్, డెమ్‌స్కీ అనే ఇంటిపేర్లు వదిలేసి, యూదు వాసన తగలని డగ్లస్ అనే పేరు తగిలించుకున్న మనిషి కర్క్. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో నిలదొక్కుకోవాలంటే చాలామంది అదే చెయ్యాల్సి వచ్చేది. 1991లో హెలికాప్టర్ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డాక మళ్లీ తన మతం వైపు, తన మూలాల వైపు తిరిగాడు. పదమూడేళ్లకి చేసే ఉపనయనం లాంటి బార్ మిత్స్వా వేడుకని 83వ ఏట రెండోసారి చేసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిందే ఈ సినిమా. పస్కా బల్ల దగ్గర పెద్దగా కూర్చున్న మిచెల్ గ్రోంబర్గ్ అనే ఆ అరువు పేరు, డగ్లస్ కంటే ఆయన పుట్టిన ఇంటికి ఎంతో దగ్గర.

2017 డిసెంబరులో, జైలు నుంచి వచ్చిన మరుసటి ఏడాది, కామెరాన్‌కి కూతురు పుట్టింది. అప్పటికి ముత్తాతకి 101 ఏళ్లు నిండాయి. గుడ్డపీలికల బండి ఉన్న ఇంట్లో ఆరుగురు అక్కచెల్లెళ్లు నోరారా పిలిచిన పేరు, ఆయన తెర కోసం వదిలేసుకున్న పేరు, ఇజ్జీ. ఆ పాపకి పెట్టిన పేర్లలో అదొకటి.